ఎలక్ట్రిక్ లారీలకు బయానా ఇచ్చే ముందు

చిరంజీవిని ఆశీర్వదించి పెదనాన్న వ్రాయునది.

మన ప్రాంతీయ సరుకు రవాణాకు ఎలక్ట్రిక్ లారీలు పనికివస్తాయా అని అడిగావు. పనికివస్తాయి, కాని అన్ని రూట్లకూ కాదు. ముందు ట్రిప్పుల పుస్తకం తీసి, ఉదయం యార్డు నుంచి బయలుదేరి రాత్రికి అదే యార్డుకు చేరే బండ్లేవో వేరుచేసి చూసుకో.

నిండు లోడుతో ఉన్న పెద్ద ట్రైలర్ లారీకి కిలోమీటరుకు సుమారు 1.1 నుంచి 1.5 యూనిట్ల కరెంటు ఖర్చవుతుంది. రానూపోనూ 250 కిలోమీటర్లకు 1.3 చొప్పున లెక్కవేస్తే 325 యూనిట్లు. ఫ్రైట్‌లైనర్ ఈ-కాస్కేడియా అనే ఎలక్ట్రిక్ లారీ పెద్ద బ్యాటరీ 438 యూనిట్లది, మెర్సిడెస్ ఈ-యాక్ట్రోస్ 600 అనే లారీలో 600 యూనిట్లకు పైగానే ఉంటాయి కనుక ఈ దూరం వాటికి భారం కాదు. అయితే అమ్మేవారి కాగితాల మీద లారీ ఎప్పుడూ చదునైన రోడ్డు మీదే నడుస్తుంది. చలి, ఎదురుగాలి, ఎత్తుపల్లాలు, ఏళ్లు గడిచేకొద్దీ తగ్గే బ్యాటరీ సామర్థ్యం అన్నీ లెక్కలోకి తీసుకొని, వారు చెప్పిన దూరంలో 70 శాతానికే కిరాయి ఒప్పుకో.

బ్యాటరీ బరువు టన్నుల్లో ఉంటుంది. సిమెంటు, ఇనుము వంటి సరుకులో ఆ మేరకు లోడు తగ్గుతుంది. తేలికైన పార్సిళ్లకు ఆ చింత లేదు.

అసలు చిక్కు లారీతో కాదు, కరెంటుతో. పది లారీలను ఒకేసారి 150 కిలోవాట్ల చార్జర్లకు తగిలిస్తే 1,500 కిలోవాట్ల లోడు పడుతుంది. అవే లారీలకు తలా 325 చొప్పున కావలసిన 3,250 యూనిట్లను రాత్రి పది గంటల పాటు నిదానంగా ఎక్కిస్తే, మధ్యలో పోయే నష్టం కలిపినా సుమారు 360 కిలోవాట్లతో పని జరుగుతుంది. చాలాచోట్ల బిల్లులో వాడిన యూనిట్లతో పాటు గరిష్ఠ డిమాండుకూ, అంటే ఒకేసారి లాగిన అత్యధిక లోడుకూ, విడిగా చార్జీ ఉంటుంది కాబట్టి, ఈ తేడాతోనే లాభనష్టాలు తారుమారు కావచ్చు. కొత్త ట్రాన్స్‌ఫార్మర్ రావడానికి నెలలు పట్టవచ్చు గనుక, విద్యుత్ సంస్థకు దరఖాస్తు పెట్టిన తరువాతే లారీలకు బయానా ఇవ్వు.

దూరపు రూట్లకు ఇప్పటికి డీజిల్ లారీలనే ఉంచు. 3.75 మెగావాట్ల వరకు ఇవ్వగల చార్జింగ్ ప్రమాణం రూపొందిన మాట నిజమే, కాని నీ దారిలో ఆ స్టేషన్ వెలిసేదాకా దాన్ని లెక్కలో చేర్చుకోవద్దు. మొదట రెండు లారీలే తీసుకొని, వాతావరణం బాగా ప్రతికూలించే కాలంలో నడిపి, రోజూ గేటు దగ్గర కిలోమీటర్లూ యూనిట్లూ రాయించు. ఎన్నేళ్లకు బ్యాటరీలో ఎంత శాతం సామర్థ్యం మిగులుతుందో హామీపత్రంలో స్పష్టంగా రాయించుకో.