ఉజ్జీవం కోరుతున్న ఒక యువ కాపరికి

ప్రభువునందు ప్రియమైన తమ్మునికి,

మన రక్షకుడైన యేసుక్రీస్తు నామమున నీకును, మరదలికిని, పిల్లలకును వందనములు.

కోసిగి ప్రాంతంలోని నీ సంఘం చల్లబడిపోయిందనీ, మూడు రోజుల ఉజ్జీవ కూటాలు పెట్టించి పేరున్న ప్రసంగీకులను పిలిపించాలని ఉందనీ నీవు రాసిన ఉత్తరం చదివాను. నీ భారం నాకు అర్థమైంది. అయితే పందిరి, మైకుసెట్టు, భోజనాల ఖర్చు గురించి పెద్దలతో మాట్లాడక ముందే ఒక పని చేయమని కోరుతున్నాను. ఒక ఆదివారం ఆరాధన ముగిశాక సంఘ పెద్దలలో ఒకరిని, కూలికి పోయే ఒక అక్కను, సండే స్కూలు చెప్పే ఒక యువకుణ్ణి విడివిడిగా కూర్చోబెట్టుకొని, యేసు ప్రభువు మనకోసం ఏమి చేశాడో వారి సొంత మాటల్లో చెప్పమని అడుగు.

జ్వరం తగ్గించాడు, అప్పు తీర్చాడు, బోరులో నీళ్లు పడేలా చేశాడు అన్న జవాబులే వస్తే వారిని తప్పుపట్టవద్దు. అవి నిజమైన మేళ్లే, వాటికి స్తోత్రం చెల్లించవలసిందే. కానీ భార్య మెడలోని బంగారం కుదువపెట్టి బోరు వేయించి, గంటల తరబడి రాతిపొడి తప్ప తడి చూడని రైతు కూడా అదే ఆదివారం అదే చాప మీద కూర్చొని ఉంటాడు. పక్కవాని సాక్ష్యం విని, తన విశ్వాసంలోనే ఏదో లోపముందనుకొని తలవంచుకొని ఇంటికి పోతాడు. నీళ్లు పడినా పడకపోయినా నిలిచే వార్త ఒకటి అతనికి కావాలి. ఆ వార్తనే అన్నిటికంటె ముందుగా అప్పగించానని పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 15వ అధ్యాయంలో చెప్పాడు: లేఖనాల ప్రకారం క్రీస్తు మన పాపాల కోసం చనిపోయాడు, సమాధి చేయబడ్డాడు, మూడవ దినాన లేపబడ్డాడు. ఇది బయటివారికి చెప్పవలసిన మాట, మా విశ్వాసులకు తెలిసిందే కదా అని నీకు అనిపించవచ్చు. రోమా పత్రిక మొదటి అధ్యాయం మరోసారి చదువు. అప్పటికే నమ్మినవారికే సువార్త ప్రకటించాలని పౌలు అక్కడ ఆశపడుతున్నాడు.

డిసెంబరు 31 రాత్రి మనం పంచే, ఒక్కో బైబిలు వచనం రాసిన వాగ్దాన కార్డుల సంగతి కూడా చెప్పాలి. పళ్లెంలోంచి ఒక కార్డు తీసుకొని, కళ్లకద్దుకొని, ఏడాది పొడవునా బీరువా తలుపుకు అంటించుకునే తల్లుల భక్తిని నేను చులకన చేయను. అయితే మీ విషయంలో నా ఉద్దేశాలు సమాధానకరమైనవే అని దేవుడు చెప్పే యిర్మీయా 29వ అధ్యాయం 11వ వచనం వచ్చినామెకు ఆ పైనున్న 10వ వచనం ఎవరు చెప్పారు? అది బబులోనుకు చెరపట్టబడి పోయినవారికి ప్రవక్త రాసిన ఉత్తరం. డెబ్బది సంవత్సరాలు గడిచాకే దేవుడు వారిని దర్శిస్తానన్నాడు. ఆ ఉత్తరం విన్న పెద్దవారిలో చాలామంది ఆ దినాన్ని కళ్లతో చూసి ఉండరు. అయినా అది మంచి వాగ్దానమే. కార్డులు మానవద్దు, జనవరిలోని ప్రతి గృహకూడికలో ఒక్కొక్క కార్డు తెప్పించి, ఆ వచనం ఎవరికి, ఎప్పుడు చెప్పబడిందో, అది క్రీస్తులో ఎలా నెరవేరిందో ఓపికగా వివరించు.

ప్రసంగాలకు మార్కు సువార్త పట్టుకో. 16 అధ్యాయాలు, వరుసగా, ఏదీ దాటేయకుండా చెప్పు. చదువురాని వారికి కథ నిలుస్తుంది, అంశాల ప్రసంగం నిలవదు.

బాప్తిస్మాల విషయంలో తొందరపడవద్దు. 1876 నుంచి 1878 వరకు మన సీమను ఊడ్చేసిన కరువులో, ఒంగోలులో సేవచేసిన బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకొని ఆకలిగొన్నవారికి పని ఇప్పించాడు. గంజి కోసం పేర్లు రాయించుకుంటారేమోనని అదే కాలంలో బాప్తిస్మాలు ఆపివేశాడు. సహాయపు పని ముగిశాకే, 1878 జూలై 3న, గుండ్లకమ్మలో ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ సంఖ్యను మనవాళ్లు కన్వెన్షన్లలో గొప్పగా చెప్పుకుంటారు గాని, దానికి ముందు ఆయన పట్టిన ఓపికను ఎవరూ తలచుకోరు. నీటిలో దిగేవాడు క్రీస్తుతో కూడా చనిపోయి లేచానని రోమా 6వ అధ్యాయం చెప్పినట్టు తన నోటితో చెప్పగలిగేదాకా ఆగు.

నీవు ఉత్తరంలో రాయని ఒక సంగతి ఉంది, అది నాకు తెలుసు. మీ ఊరిలో మాలపేటకు ఒక గుడి, మాదిగపేటకు ఒక గుడి ఉన్నాయి. రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ప్రభువు బల్ల మాత్రం ఒకటే అని రెండు చోట్లా బోధిస్తున్నారు. యూదులు కాని అన్యజనులతో కలిసి తినడం మానుకున్న పేతురును పౌలు అంతియొకయలో అందరి ముందు నిలదీసినప్పుడు, అది మర్యాదకు విరుద్ధమని అనలేదు, సువార్త సత్యానికి తగిన నడత కాదన్నాడు. గలతీయులకు రాసిన పత్రిక 2వ అధ్యాయంలో ఉంది. ఇది అన్నిటికంటె కష్టమైన పని, పెద్దలు నొచ్చుకుంటారు, కానుకలు తగ్గవచ్చు. అయినా అవతలి గుడి కాపరి ఇంటికి నీవే ముందుగా పోయి, కలిసి అన్నం తిని, నెలకొకసారైనా రెండు సంఘాలు ఒకే బల్ల దగ్గర కూడుకునేలా మాట్లాడు. ఈ గోడ నిలిచినంతకాలం ఎన్ని కూటాలు పెట్టినా దానిని ఉజ్జీవమని పిలవడానికి నాకు నోరు రాదు.

కానుకల లెక్క నీ చేతిలో ఉంచుకోవద్దు. చందా మోయడానికి పౌలంతటివాడే తోడుగా ఇతరులను పెట్టుకున్నాడు. ఇద్దరు పెద్దలు లెక్కించి, నెలాఖరున సంఘంలో చదివి వినిపించనీ.

ఇక సుగ్గి, అంటే కోత పనులకు వలసపోయే కాలం సంగతి. పత్తి తీతకు, మిరపకాయ కోతకు సగం ఊరు గుంటూరు వైపు పోయినప్పుడు గుడి బోసిపోతుందని నీరసపడకు, పోయినవారు నీ సంఘమే. వారు లారీ ఎక్కకముందే ఒక్కో గుంపులో నమ్మకమైన ఒకరిని, ఆడవారైనా సరే, ఎంచుకొని, మార్కు సువార్త చివరి మూడు అధ్యాయాలు కథగా చెప్పడం నేర్పు. చేను గట్టున వేసుకున్న గుడిసెల దగ్గర రాత్రి వంట అయ్యాక వారు కూడుకొని వినేలా, వారానికొకసారి నీ గొంతుతో ఐదు నిమిషాల వాక్యం ఫోనుకు పంపు. పనులు ముగియకముందే ఒకసారి నీవే బస్సెక్కి ఆ చేల దగ్గరికి పో. ఛార్జీలకు ఇబ్బందైతే నాకు రాయి.

ప్రభువు సేవలో,
నీ పెద్దన్న,
జమ్మలమడుగు