గ్రాఫిక్స్ కార్డు వారంటీ: గొడవ సంగతి తర్వాత, ముందు ఆ వీడియో చూడండి

ప్రశ్న: గుంటూరు కొత్తపేటలో పెళ్లి ఆల్బమ్‌లు, వీడియో ఎడిటింగ్ చేసే స్టూడియో మాది. 2021 నవంబర్‌లో విజయవాడ గవర్నర్‌పేటలోని ఒక షాపులో 58,500 రూపాయలకు గ్రాఫిక్స్ కార్డు (కంప్యూటర్ తెర మీద బొమ్మని నడిపే బోర్డు) కొన్నాను. మూడేళ్ల వారంటీ. 2023 జనవరిలో అది చెడిపోతే షాపు ద్వారానే సర్వీస్ సెంటర్‌కి పంపాం, మార్చిలో బదులుగా వేరే కార్డు వచ్చింది. ఆగస్టులో అదీ తెర మీద గీతలు పడి ఆగిపోయింది. 21న మళ్లీ షాపులో ఇచ్చాం. రసీదు ఇవ్వలేదు. ఇచ్చేముందు మా అబ్బాయి కార్డుని అటూ ఇటూ తిప్పి వీడియో తీసి షాపు వాట్సాప్‌కి పంపాడు. అక్టోబర్ 9న సర్వీస్ సెంటర్ నుంచి ‘బోర్డుకు భౌతిక నష్టం, వెనకవైపు కెపాసిటర్ ఊడింది, వారంటీ వర్తించదు’ అని మెయిల్ వచ్చింది. కార్డు ఇంకా షాపులోనే ఉంది. అప్పటినుంచి వాట్సాప్‌లో అడుగుతూనే ఉన్నాను. వారంటీ 2024 నవంబర్ దాకా ఉంది కాబట్టి ఆ తర్వాత ఇంకో రెండేళ్లు కేసు వేయొచ్చని తెలిసినవాళ్లు అన్నారు. షాపు యజమాని మా బావగారి స్నేహితుడు, అతన్ని కేసులోకి లాగకుండా కంపెనీ మీద మాత్రమే వేయొచ్చా? అతనేమో ‘వారంటీ ఉన్న ఇంకో కార్డు స్టిక్కర్ తీసి మీ దానికి అంటించి పంపుదాం, రెండు వేలివ్వండి’ అంటున్నాడు. ఏం చేయమంటారు?
— పేరు వద్దన్న పాఠకుడు, గుంటూరు (2025 ఆగస్టు)

జవాబు: మీ ఉత్తరం ఆరు పేజీలు. పైన అచ్చయింది అందులో రెండు పేజీల సారాంశం. మిగతా నాలుగు పేజీలూ షాపులో నలుగురి ముందు మీకు జరిగిన అవమానం, శ్రావణం పెళ్లిళ్ల ఆల్బమ్‌లు ఆగిపోయి పెళ్లివారితో పడ్డ మాటలు. చదివాను. వాటి గురించి నేను ఏమీ రాయబోవడం లేదు, కమిషన్ కూడా రాయదు. వినియోగదారుల కమిషన్ అఫిడవిట్ మీద, కాగితాల మీద విచారణ చేస్తుంది. మీ ఆరు పేజీల్లో కేసుని తేల్చే మాట ఒక్కటే ఉంది. దాన్ని మీరు అర వాక్యంలో తేల్చేసి ముందుకెళ్లిపోయారు. మీ అబ్బాయి తీసిన వీడియో.

కంపెనీ వారంటీ లేదనడం లేదు. కార్డు చెడిపోలేదనీ అనడం లేదు. కెపాసిటర్ (బోర్డుకి అతికించి ఉండే చిన్న విద్యుత్ భాగం) ఊడింది, అది మీ చేతిలో ఊడింది అంటోంది. కాబట్టి ప్రశ్న ఇది: 21వ తేదీన ఆ కార్డు షాపు కౌంటర్ మీద పెట్టేనాటికి ఆ కెపాసిటర్ బోర్డు మీద ఉందా, లేదా? ఆ మెయిల్‌తో వచ్చిన ఫోటో మీరు జతచేశారు, పెద్దది చేసి చూశాను. మదర్‌బోర్డులో గుచ్చే బంగారు రంగు పళ్లకి కాస్త పైన వరసగా ఆవగింజలో సగం ఉండే ముక్కలు, వాటిలో ఒకచోట ఖాళీ, రెండు తెల్ల మచ్చలు. కార్డుని కవర్ లేకుండా బల్ల మీద ఈడ్చినా అవి ఊడతాయి. ‘షాపు కుర్రాడు కార్డుని న్యూస్ పేపర్లో చుట్టి, మీద బాల్‌పెన్నుతో నా ఫోన్ నంబరు రాసుకున్నాడు’ అని మీరే రాశారు. ఆ మాట అఫిడవిట్‌లో తప్పకుండా ఉండాలి. మీరు ఏడ్చిన పేజీలకన్నా ఆ న్యూస్ పేపరు మీకు ఎక్కువ పనికొస్తుంది.

ఇక తిట్టాల్సింది తిట్టేస్తాను. యాభై ఎనిమిది వేల వస్తువు చేతికిస్తూ ఒక జాబ్ షీట్, అంటే రిపేరుకి తీసుకున్నట్టు రాసిచ్చే కాగితం, అడగలేకపోయారా? అదీ ఒకసారి కాదు, రెండుసార్లు. ఆల్బమ్ అడ్వాన్సు వెయ్యి తీసుకుంటేనే మీరు రసీదు పుస్తకం తీస్తారు కదా! ‘తెలిసినవాడే కదా’ అంటారు. మొహమాటానికి పోయినామె సామెత మీకు తెలిసిందే, పూర్తిగా రాస్తే బాగుండదు.

వీడియో విషయానికి వస్తే, ముందు దాన్ని మీరే చూడండి. రెండు విషయాలు కనబడాలి. ఒకటి, వెనకవైపు స్టిక్కర్ మీద సీరియల్ నంబర్. రెండు, ఆ కెపాసిటర్ల వరస. సీరియల్ నంబర్ ఎందుకంటే, మీ బిల్లు మీద ఉన్నది మొదటి కార్డు నంబర్. ఇప్పటి గొడవ బదులుగా వచ్చిన రెండో కార్డుది. ఆ రెంటికీ ముడి వేసే కాగితం మీ దగ్గర లేదని మీరు బాధపడుతున్నారు గానీ, ఉంది. అక్టోబర్ 9 నాటి తిరస్కరణ మెయిల్లోనే కార్డు సీరియల్ నంబరూ, మార్చి నెలలో కార్డు బదులిచ్చినప్పటి పాత కంప్లయింట్ నంబరూ రెండూ ఉన్నాయి. కోపంతో మీరు డిలీట్ చేద్దామనుకున్న మెయిల్ అదే. అవతలివాళ్ల చేతిరాతే మీకు సాక్ష్యం.

వీడియోలో ఆ చోట కూడా ఖాళీగానే ఉందనుకోండి, కేసు వేయకండి. ఆ వీడియో షాపు వాట్సాప్‌లో ఉంది, మీరు దాచినా వాళ్లు పెడతారు. ఆ ముక్క ఉన్నదంటే మాత్రం కథ తిరగబడుతుంది. మీరు ఇచ్చేటప్పుడు బాగున్న ముక్క ఆ తర్వాత ఊడిందంటే, షాపులోనో, దారిలోనో, సర్వీస్ సెంటర్లోనో ఊడాలి. బాగుచేయించడానికి తీసుకున్న వస్తువుని, మామూలు వివేకం ఉన్న మనిషి తన సొంత వస్తువుని చూసుకున్నంత జాగ్రత్తగా చూసుకోవాలని 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 151 చెబుతుంది. ఎక్కడ ఊడిందో వాళ్లే చెప్పుకోవాలి.

అందుకే షాపుని వదిలేసి కేసు వేయడం కుదరదు. షాపు, సర్వీస్ సెంటర్, ఇండియాలో ఆ బ్రాండ్ అమ్మే కంపెనీ, ముగ్గురినీ ప్రతివాదులుగా చేర్చండి. షాపు లేకుండా వేస్తే కంపెనీ మొదటి వాదనే ‘నష్టం షాపులో జరిగింది, షాపుని ఎందుకు చేర్చలేదు’ అని వస్తుంది. డబ్బు తీసుకున్నదీ బిల్లు ఇచ్చిందీ షాపే, ‘మేం అమ్మేవాళ్లం మాత్రమే, వారంటీ కంపెనీది’ అన్న మాట అక్కడ చెల్లదు. బావగారికి మీరే సర్దిచెప్పుకోండి.

స్టిక్కర్ సంగతి. ఆ పని చేయకండి. చేయిస్తే మీకు నేనే కాదు, ఏ లాయరూ సాయం చేయలేడు. పక్క కార్డు సీరియల్ నంబర్ అంటించి వారంటీ అడగడం మోసం. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 318 కింద, మోసంతో వస్తువు రాబట్టుకుంటే ఏడేళ్ల దాకా శిక్ష ఉంది. మీ కార్డు నంబరు, ఫోటోతో సహా, వాళ్ల కంప్యూటర్లో ‘తిరస్కరించినది’ అని రెండేళ్లుగా పడి ఉంది. అదే బోర్డు, అదే చోట ఊడిన కెపాసిటర్, కొత్త నంబరుతో వెళితే బల్ల దగ్గర కూర్చున్న కుర్రాడికి నిమిషంలో తెలుస్తుంది. అప్పుడు మీ అసలు కేసు కూడా పోతుంది, ఎందుకంటే స్టిక్కర్ గోకిన కార్డు ఇక సాక్ష్యం కాదు. రెండు వేలు అడిగినతను రేపు ‘కస్టమరే చేయమన్నాడు’ అంటాడు. అతను వాట్సాప్‌లో ఆ సలహా ఇచ్చిన మెసేజ్‌కి మీరు ‘చూద్దాం’ అని జవాబిచ్చారు. ఈరోజే ‘అలా చేయొద్దు’ అని స్పష్టంగా రాయండి.

ఆ ఊడిన ముక్కని ఎవరి చేతనో టంకం వేయించుదామనే ఆలోచన కూడా మానుకోండి. లోపం తేల్చడానికి పరీక్ష అవసరమైతే కమిషన్ ఆ కార్డుని సీలు వేసి ల్యాబ్‌కి పంపించగలదు, ఫీజు ముందు మీరే కట్టాలి. కెపాసిటర్ ఊడినందుకే గీతలు వచ్చాయా, గీతలు వేరే లోపమా అన్నది అక్కడ తేలాలి. మీరూ నేనూ ఊహించేది కాదు.

ఇప్పుడు తేదీ. మీ ఉత్తరంలో నాకు భయం వేసింది ఇక్కడే. వారంటీ ముగిశాక ఇంకో రెండేళ్లు ఉంటాయని మీకు చెప్పిందెవరో గానీ, ఆయన మాట నమ్మితే మునుగుతారు. వినియోగదారుల రక్షణ చట్టం 2019, సెక్షన్ 69 ప్రకారం దావా హక్కు పుట్టిన రోజు నుంచి రెండేళ్లు. మీకు ఆ హక్కు పుట్టింది వాళ్లు కుదరదని రాతపూర్వకంగా చెప్పిన రోజున, అంటే 2023 అక్టోబర్ 9న. 2025 అక్టోబర్ 9తో గడువు సరి. మొదటి కార్డు చెడిపోయిన 2023 జనవరి నుంచే లెక్కపెట్టాలని కూడా అవతలివాళ్లు అంటారు. దానికి జవాబు ఉంది, ఆ కార్డు మార్చి ఇచ్చి ఆ గొడవ వాళ్లే తీర్చేశారు. అక్టోబర్ 9 దాటితే మాత్రం నా దగ్గర జవాబు లేదు.

ఈ రెండేళ్లూ మీరు పంపిన నూట పన్నెండు వాట్సాప్ మెసేజ్‌లూ, షాపతను పెట్టిన ‘సార్ నెక్స్ట్ వీక్’లూ గడువుని ఒక్కరోజు కూడా పొడిగించవు. లాయర్ నోటీసు ఇచ్చినా గడువు పెరగదు. వినియోగదారుల ఫిర్యాదులు తీసుకునే 1915 హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయండి, మంచిదే, అప్పుడప్పుడూ కంపెనీలు దానికి కదులుతాయి, కానీ ఆ ఫిర్యాదు నంబర్ చూసుకుని కూర్చోకండి. ఆలస్యానికి తగిన కారణం చూపితే కమిషన్ మన్నించవచ్చు. ‘అతను రేపు రేపు అన్నాడు సార్’ అనేది తగిన కారణమని ఒప్పించడానికి నేనైతే నిలబడను. ఈసారి దసరా అక్టోబర్ 2న వస్తోంది. పండగ వెళ్లాక చూద్దాంలే అనుకుంటే అయిపోయినట్టే. సెప్టెంబర్ మూడోవారంలోపు ఫైల్ చేయండి. నోటీసు ఇవ్వడం తప్పనిసరి కాదు, ఇవ్వాలనుకుంటే పదిహేను రోజుల గడువుతో ఈ వారమే ఇచ్చేయండి.

ఎక్కడ వేయాలి? విజయవాడ తిరగక్కర్లేదు. ఫిర్యాదుదారు నివాసం ఉన్నచోట వేసుకోవచ్చని సెక్షన్ 34 చెబుతుంది, కాబట్టి గుంటూరు జిల్లా కమిషన్‌లోనే. చెల్లించిన ధర ఐదు లక్షల లోపు కాబట్టి కోర్టు ఫీజు లేదు. ఆన్‌లైన్‌లో ఈ-జాగృతి పోర్టల్ ద్వారా కూడా వేయొచ్చు. లాయర్ లేకుండా మీరే వాదించుకోవచ్చు కూడా. చట్టం ప్రకారం మామూలుగా మూడు నెలల్లో, ల్యాబ్ పరీక్ష ఉంటే ఐదు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలి. చట్టంలో అలా ఉంది, నేను చెప్పగలిగేది అంతే.

మీరు తయారుచేసుకున్న నోటీసు ముసాయిదా కూడా చూశాను. ‘మా సంస్థకు మూడు లక్షల వ్యాపార నష్టం’ అన్న వాక్యం కొట్టేయండి. అదే మిమ్మల్ని ముంచే వాక్యం. వ్యాపార ప్రయోజనానికి కొన్నవాడు ఈ చట్టంలో వినియోగదారుడు కాదు. బిల్లు స్టూడియో పేరుమీద, జీఎస్టీ నంబరుతో ఉంది, కంపెనీ లాయరు దాన్నే పట్టుకుంటాడు. అయితే స్వయం ఉపాధితో బతకడం కోసమే కొనుక్కుని తానే వాడుకునేవాడికి మినహాయింపు ఉంది. ఒకరిద్దరు సహాయకులున్నా ఆ మినహాయింపు పోదని సుప్రీంకోర్టు 1995లో లక్ష్మీ ఇంజినీరింగ్ వర్క్స్ కేసులో చెప్పింది. మీ దగ్గర మీరు, మీ అబ్బాయి, పనికి ఒక కుర్రాడు. సరిపోతుంది. కానీ ఆ మాట ఫిర్యాదులో నోరు తెరిచి రాయాలి: ఎడిటింగ్ నేనే చేస్తాను, ఇదే మా జీవనాధారం, ఆ కార్డు దానికోసమే కొన్నాను అని. మూడు లక్షల నష్టానికి మీ దగ్గర ఆర్డర్ పుస్తకం లేదు, అడిగినా రాదు, పైగా మీరు పెద్ద వ్యాపారస్థులని మీరే ఒప్పుకున్నట్టవుతుంది.

అడగాల్సింది ఇలా అడగండి: అదే స్థాయి కొత్త కార్డు, లేదా కట్టిన ధర వడ్డీతో సహా వాపసు, దానితోపాటు మనస్తాపానికీ ఖర్చులకీ కలిపి ఓ పాతిక, ముప్ఫై వేలు. 2021లో కార్డుల ధరలు మండిపోయి ఉన్నాయి, ఇప్పుడు అదే తరగతి కార్డు చాలా తక్కువకి వస్తుంది. కాబట్టి ధర వాపసు అన్న మాట ఫిర్యాదులో మర్చిపోకండి, లేకపోతే ‘కొత్త కార్డు ఇస్తాం’ అని వాళ్లు చవకలో బయటపడతారు. ఒక చిన్న లెక్క: ఆ బిల్లు మీద జీఎస్టీని ఇన్‌పుట్ క్రెడిట్‌గా, అంటే మీరు కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకోవడానికి, వాడుకుని ఉంటే ఆ భాగం మళ్లీ అడగకండి. మీ ఆడిటర్ని కనుక్కోండి.

కార్డుని షాపు నుంచి వెనక్కి తెచ్చుకోండి, కానీ ఊరికే కాదు. రెండు కాపీల్లో ఒక కాగితం రాయండి: తేదీ, సీరియల్ నంబర్, ‘సర్వీస్ సెంటర్ తిరస్కరించిన స్థితిలో ఉన్నది ఉన్నట్టు తీసుకున్నాను’ అని. షాపు ముద్ర వేయించుకోండి. ‘మంచి స్థితిలో ముట్టింది’ అన్న మాట ఉంటే సంతకం పెట్టకండి. ముద్ర వేయనంటే, కార్డు అక్కడే ఉంచి స్పీడ్ పోస్టులో అడగండి.

వీడియో ఉన్న ఫోన్ గురించి ఆఖరి మాట. అది ఇప్పుడు మీ అమ్మగారు సీరియళ్లు చూసుకునే ఫోన్ అనీ, దసరా ఆఫర్లలో మార్చేద్దామనుకుంటున్నామనీ రాశారు. మార్చకండి. వాట్సాప్‌లో అటూ ఇటూ పంపిన కాపీ వేరు, ఆ ఫోన్ గ్యాలరీలో తీసిన తేదీతో ఉన్న అసలు ఫైలు వేరు. భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద దానికి ధ్రువపత్రం జతచేయాలి. అందులో రెండు భాగాలుంటాయి, మొదటిది ఫోన్ ఎవరి అధీనంలో ఉందో వాళ్లది, రెండోది నిపుణుడిది, ఫైలు హాష్ విలువతో (ఫైలు మారలేదని తేల్చే అంకెలు, అక్షరాల గుర్తు) సహా. కమిషన్లో ఇంత పట్టింపు ఉండకపోవచ్చు, కానీ అవతల కంపెనీ లాయర్ ఉన్నాడు. ఈ ఆదివారం ఫోన్ తీసుకుని, ఫైలుని ముట్టుకోకుండా, ఆపుకుంటూ ఆపుకుంటూ కార్డు వెనకవైపు చూడండి. ఆ ముక్క అక్కడ కనబడితే నాకు స్క్రీన్‌షాట్ పంపకండి, ఫోన్ పట్టుకుని రండి. అమ్మగారికి నాలుగు రోజులు వేరే ఫోన్ ఏర్పాటు చేయండి.