టెక్ సందేహాలు: జాలీ వెనుక గుడ్లగూబ

ప్రశ్న: పిల్లలతో జూకు వెళ్లి ఫోనుతో గుడ్లగూబను ఫొటో తీశాను. అన్నింటిలోనూ జాలీ తీగలు స్పష్టంగా పడ్డాయి, గుడ్లగూబ మసకగా ఉంది. పక్కన ఒకాయన కెమెరాతో తీసిన ఫొటోలో జాలీయే కనిపించలేదు. నాది 50 మెగాపిక్సెళ్ల ఫోను. అయినా ఇంత తేడా ఎందుకండీ? – ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: మెగాపిక్సెళ్లకు దీనితో సంబంధం లేదు. వెలుతురు లోపలికి వెళ్లే రంధ్రం ఎంత వెడల్పు అన్నదే అసలు సంగతి. ఫోను ప్రధాన కెమెరా ఫోకల్ దూరం (లెన్సుకు, లోపల బొమ్మ పడే సెన్సరుకు మధ్య దూరం) సుమారు 6 మిల్లీమీటర్లు, ఎపర్చర్ (ఆ రంధ్రం సైజు చెప్పే సంఖ్య) ఎఫ్/1.8 అనుకుందాం. ఆరును 1.8తో భాగిస్తే 3.3 మిల్లీమీటర్లు వస్తుంది. మీ ఫోను రంధ్రం అంతే. జాలీ తీగ మందమే రెండు మూడు మిల్లీమీటర్లు ఉంటుంది కాబట్టి, అది అడ్డం వచ్చిన చోట గుడ్లగూబ నుంచి వచ్చే వెలుతురు దాదాపు మొత్తం ఆగిపోతుంది.

ఆయన కెమెరాకు 300 మిల్లీమీటర్ల వరకు వెళ్లే జూమ్ లెన్సు ఉండి ఉంటుంది. దాని ఎపర్చర్ ఎఫ్/5.6 అనుకుని 300ను 5.6తో భాగించండి, సుమారు 54 మిల్లీమీటర్లు. అదే తీగ దీని ముందు నిలిచినా, గుడ్లగూబ ఈకల మీది వెలుతురు తీగకు అటూ ఇటూ నుంచి లోపలికి చేరుతుంది. తీగ ఎక్కడికీ పోదు. పలచగా పరుచుకుని ఫొటో మీద పొగమంచులా మిగులుతుంది. ఎడిటింగ్‌లో కాంట్రాస్ట్ కాస్త పెంచితే అది కూడా చాలావరకు తగ్గుతుంది.

ఇందులోనే ఇంకో విషయం ఉంది. తీగ లెన్సుకు ఎంత దగ్గరగా, గుడ్లగూబకు ఎంత దూరంగా ఉంటే అంత బాగా కరిగిపోతుంది. పక్షి జాలీకి ఆనుకుని కూర్చుంటే లక్షలు పోసి కొన్న లెన్సు కూడా చేతులెత్తేస్తుంది. అది వెనక్కి, లోపలి కొమ్మ మీదికి వెళ్లేదాకా ఆగడమే మార్గం. హంటర్ రోడ్డులోని కాకతీయ జూ పార్కులోనైనా, మరెక్కడైనా ఈ లెక్క మారదు.

ఫోనుకు టెలిఫోటో కెమెరా (దూరపు వాటిని దగ్గరగా చూపే రెండో లెన్సు) ఉంటే దానితో తీయండి. దాని రంధ్రం కూడా చాలా ఫోన్లలో ఐదారు మిల్లీమీటర్లే కాబట్టి అద్భుతాలు ఆశించవద్దు. పైగా వెలుతురు తగ్గితే చాలా ఫోన్లు టెలిఫోటోను పక్కనపెట్టి, ప్రధాన కెమెరా బొమ్మనే కత్తిరించి పెద్దది చేసి చూపిస్తాయి. జూమ్ చేసి ఉంచి, టెలిఫోటో లెన్సు మీద వేలు పెట్టి చూడండి. తెర నల్లబడకపోతే మీరు తీస్తున్నది ఆ లెన్సుతో కాదు. అలాంటప్పుడు కాస్త వెలుతురున్న వైపు నుంచి ప్రయత్నించాలి. వెనుక భాగాన్ని సాఫ్ట్‌వేర్‌తో మసకబార్చే పోర్ట్రెయిట్ మోడ్ మాత్రం వాడకండి. తీగ ఏదో, ఈక ఏదో తేల్చుకోలేక అంచులన్నీ పాడుచేస్తుంది.

ఎండ పడిన జాలీ తెల్లగా మెరిసి ఫొటోను వెలవెలబోయేలా చేస్తుంది. నీడలో ఉన్న జాలీ, ముఖ్యంగా నల్ల రంగు వేసినది, అంతగా ఇబ్బంది పెట్టదు. కాబట్టి ఎన్‌క్లోజర్ చుట్టూ ఒకసారి నడిచి, జాలీ నీడలో, పక్షి వెలుతురులో ఉండే వైపు ఎంచుకోండి. పక్షి వెనుక కూడా జాలీ ఉంటుందని మరచిపోకండి. రెండడుగులు పక్కకు జరిగితే దాని స్థానంలో చెట్ల పచ్చదనం రావచ్చు.

ఆ తర్వాత చేయాల్సిందల్లా ఓపిక పట్టడం. గుడ్లగూబ కళ్లు మన కళ్లలా గుండ్రంగా ఉండవు, గొట్టాల్లా పొడవుగా ఉండి ఎముక వలయంలో బిగుసుకుని ఉంటాయి. గుంటల్లో అటూ ఇటూ తిరగలేవు. ఏది చూడాలన్నా తల తిప్పాల్సిందే. అందుకే దాని మెడ ఒక్కో వైపుకు 270 డిగ్రీల దాకా తిరుగుతుంది. మీరు కదలకుండా నిలబడితే ఎప్పుడో ఒకప్పుడు ఆ ముఖం మీ వైపు వస్తుంది. రెండు కళ్లూ జాలీ గడుల్లోకి వచ్చిన క్షణంలో నొక్కండి. తీగ రెక్క మీద పడితే చూసేవాళ్లు సర్దుకుంటారు, కంటి మీద పడితే ఆ ఫొటో పనికిరాదు.

మనకు, జాలీకి మధ్య ఉండే అడ్డుకంబీ దాటి చేయి చాపడం, ఫోను జాలీకి ఆనించడం, ఈల వేసి పక్షిని లేపడం వద్దు. జూలోని జంతువులను ఆటపట్టించడం, చప్పుడు చేసి బెదరగొట్టడం, తిండి పెట్టడం వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని 38జె సెక్షన్ ప్రకారం నిషిద్ధం. చట్టం సంగతి అలా ఉంచండి, పగలు దానికి నిద్రపోయే వేళ.

ప్రశ్న: సెకండ్ హ్యాండ్‌లో కెమెరా, 70–300 లెన్సు కొన్నాను. మీరు చెప్పేవన్నీ చేస్తున్నా ఫోకస్ ప్రతిసారీ జాలీ మీదికే పోతోంది. – మంచిర్యాల

జవాబు: ఆటోఫోకస్‌కు దగ్గరగా, గట్టి అంచులతో ఉన్నదంటే ఇష్టం. జాలీలో ఆ రెండూ ఉన్నాయి. ఫోకస్ ఏరియాను ఒక్క బిందువుకు, వీలైనంత చిన్నదానికి మార్చి, ఆ బిందువును గడి మధ్యలో ఉంచండి. అప్పటికీ మొండికేస్తే లెన్సు మీది స్విచ్‌ను ఎంఎఫ్‌కు (మాన్యువల్ ఫోకస్‌కు) జరిపి, రింగు చేత్తో తిప్పండి. కూర్చున్న గుడ్లగూబ గంటల తరబడి కదలదు, చేతి ఫోకస్‌కు ఇంతకన్నా మంచి అవకాశం దొరకదు. ఎపర్చర్‌ను పూర్తిగా తెరిచే ఉంచండి. ఎఫ్/11 పెడితే 54 మిల్లీమీటర్ల రంధ్రం 27కు కుంచించుకుపోయి తీగలు మళ్లీ తేలతాయి.

ప్రశ్న: ఇంత కష్టమెందుకు, ఏఐ ఎరేజర్‌తో జాలీ చెరిపేస్తే సరిపోదా? – కరీంనగర్

జవాబు: చెరిపేయవచ్చు. 2017లో గూగుల్ తన సదస్సులో బేస్‌బాల్ ఆడుతున్న పాప ముందున్న కంచెను మాయం చేసి చూపింది. 2021లో ఆ సంస్థ పిక్సెల్ 6 ఫోనుతో మ్యాజిక్ ఎరేజర్ వచ్చింది, ఇప్పుడు అలాంటివి చాలా ఫోన్లలో ఉన్నాయి. నా అభ్యంతరం ఒక్కటే. తీగ వెనుక ఏముందో ఆ ఒక్క ఫొటోలో లేదు. సాఫ్ట్‌వేర్ దాన్ని ఊహించి గీస్తుంది. పొట్ట మీది చారలు, కంటి పక్క ఈకల వరుస ఏ జాతి పక్షిదో తేల్చే గుర్తులు. వాటిని యంత్రం గీస్తే అది ఇక ఆ పక్షి ఫొటో కాదు. ఇంట్లో చూసుకోవడానికి ఫర్వాలేదు. పోటీకి పంపేటప్పుడు, జాతిని గుర్తించమని అడిగేటప్పుడు వద్దు.

నిజాయతీగా జాలీ తీసేసే పద్ధతి ఒకటుంది. నిలబడిన చోటు నుంచి కెమెరాను కొద్దికొద్దిగా పక్కకు జరుపుతూ మూడు నాలుగు ఫొటోలు తీయండి. దగ్గరున్న జాలీ ఎక్కువ జరుగుతుంది, దూరంగా ఉన్న పక్షి తక్కువ జరుగుతుంది. ఒక ఫొటోలో తీగ కప్పిన ఈక ఇంకో దానిలో బయటపడుతుంది. లేయర్లు (ఒకదాని మీద ఒకటి పొరలు) పెట్టుకునే ఏ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లోనైనా ఫొటోలను పక్షి ఆధారంగా ఒకదాని మీద ఒకటి సరిపెట్టి, తీగ ఉన్న చోట రెండో ఫొటోలోని అసలు ఈకలను బయటకు తెచ్చుకోవచ్చు. ఎంఐటీ, గూగుల్ పరిశోధకులు 2015లో ఈ సూత్రంతోనే అడ్డంకులు తొలగించే పద్ధతి ప్రకటించారు. కోతుల విషయంలో ఇది కుదరదు, కదలని గుడ్లగూబకు బాగా కుదురుతుంది.

ప్రశ్న: హైదరాబాద్ నెహ్రూ జూ పార్కులోని నిశాచర జంతువుల విభాగంలో చీకటిగా ఉంటుంది కదా, ఫ్లాష్ వాడవచ్చా? – జగిత్యాల

జవాబు: వాడవద్దు. చీకటికి అలవాటుపడి విప్పారిన కంటిలోకి ఆ వెలుగు ఒక్కసారిగా దూసుకెళుతుంది. పైగా మధ్యలో ఉన్న గాజు మీద పడి వెనక్కి తిరిగివచ్చి ఫొటో ఎలాగూ పాడవుతుంది. ఫోకస్ కోసం వెలిగే చిన్న దీపాన్ని కూడా సెట్టింగుల్లో ఆపేయండి. ముదురు రంగు దుస్తులు వేసుకుంటే గాజులో మీ ప్రతిబింబం తక్కువగా కనిపిస్తుంది.

ప్రశ్న: మా ఊరి పాత దొరల గడి గోడ తొర్రలో గుడ్లగూబల జంట పిల్లలను పెట్టింది. దూరం నుంచి తీసిన ఫొటోలు ఫేస్‌బుక్‌లో పెట్టాలని ఉంది. – వరంగల్ జిల్లా

జవాబు: పెట్టండి, కానీ ఊరి పేరు, గడి ఆనవాళ్లు కనిపించనివ్వకండి. దేశంలోని సుమారు 30 జాతుల గుడ్లగూబల్లో 15 అక్రమ వ్యాపారంలో ఉన్నాయని వన్యప్రాణుల వ్యాపారంపై నిఘా పెట్టే ‘ట్రాఫిక్’ అనే సంస్థ 2010లో తేల్చింది. క్షుద్రపూజల పేరుతో వీటిని పట్టి అమ్మేవాళ్లున్నారు, దీపావళి ముందు ఆ బెడద పెరుగుతుంది. ఫోను కెమెరా సెట్టింగుల్లో లొకేషన్ ట్యాగ్ ఆపేయండి. ఇప్పటికే తీసిన వాటి వివరాల్లోకి వెళ్లి లొకేషన్ తొలగించండి. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటోలో ఆ సమాచారం పోతుంది. డాక్యుమెంటుగా పంపితే మాత్రం అక్షాంశ రేఖాంశాలతో సహా అవతలివాళ్లకు చేరుతుంది. పిల్లలు ఎగిరిపోయాక పెడితే ఇంకా మంచిది.