మోకాలి ఆపరేషన్‌కి ముందు ఒక కాగితం రాసుకో

చెల్లాయికి,

ఆపరేషన్‌కి డేటు ఖాయమైందన్నావు. నా కుడి మోకాలు మార్చి మూడేళ్లయింది కనుక నాలుగు మాటలు రాస్తున్నాను.

మూడో నెల చెకప్‌లో డాక్టరు గారు ఎక్స్‌రే చూసి మురిసిపోయారు. కోణం కొలిచే స్కేలు మోకాలికి ఆనించి, "115 డిగ్రీలు వంగుతోంది, ఫస్ట్ క్లాస్ అమ్మా" అన్నారు. మొహమాటానికి నవ్వాను. ఆ పొద్దునే వాకిట్లో గొంతుక్కూర్చోలేక ముగ్గు గిన్నె పనమ్మాయి చేతికిచ్చి లోపలికొచ్చేశాను మరి. ఆయన తప్పేం లేదులే. ఎముక వరస, ఇంప్లాంట్ (లోపల పెట్టిన కొత్త కీలు) బిగువు, వంపు చూసుకోవడం ఆయన పని. నా ముగ్గు సంగతి ఆయనకెలా తెలుస్తుంది? నేను చెబితేగా!

అందుకే ఇప్పుడే ఒక కాగితం తీసుకుని, నీకు తిరిగి కావలసిన పనులు అయిదు రాయి. గుడి మెట్లు, బస్సెక్కడం, పీట మీద పూజ, ఏదైనా సరే. డాక్టరు ముందు ఒక్కొక్కటే చదివి "ఇది వస్తుందా, రాదా, అసలు ప్రయత్నించకూడదా?" అని అడుగు. "నడవగలనా డాక్టర్?" అని మాత్రం అడిగి ఊరుకోకు. దానికి అందరూ ఊఁ అనే అంటారు. ఎక్స్‌రే బాగున్నా అయిదుగురిలో ఒకరి దాకా తృప్తి పడరట. అనుకున్నదొకటి, అయినదొకటి కావడం దానికి ఒక పెద్ద కారణం.

ఆక్స్‌ఫర్డ్ నీ (Knee, అంటే మోకాలు) స్కోర్ అని, మోకాలి నొప్పి, రోజువారీ పనుల గురించి అడిగే ఫారం ఒకటుంది. 12 ప్రశ్నలు, మొత్తం 48 మార్కులు. ఆపరేషన్‌కి ముందోసారి, ఏడాది తర్వాత ఇంకోసారి నింపి పోల్చుకో. 1998లో ఇంగ్లండులో వచ్చిందిలే, కారెక్కడం గురించి అడుగుతుంది గానీ బాసింపట్టు ఊసే ఎత్తదు. అయినా రాత్రి నొప్పి ప్రశ్న ఒకటుంది చూడు, అది నా ప్రాణానికి దగ్గర. ముగ్గు పోయింది గానీ నిద్ర తిరిగొచ్చింది. నన్నడిగితే ఆ 115 డిగ్రీల కన్నా నాకు అదే ఎక్కువ.

ఇంకొకటి. కుట్టుకి బయటి వైపు చర్మం మొద్దుబారుతుంది. చాలామందికి అవుతుందని ముందే ఎవరూ చెప్పక ఆరు నెలలు టెన్షన్ పడ్డాను.

ఇంతకీ వెస్టర్న్ టాయిలెట్ పెట్టించావా? నీ కాగితంలో ఉన్నా లేకున్నా ఈ నెలలోనే పెట్టించు.

మీ అక్క