పదకొండు గంటలకు పోయి చూడు

అమ్మీ,

బుడ్డోడికి జూన్‌కి మూడేళ్లు నిండుతాయి, ఏ స్కూల్లో వేయాలో తెలీక టెన్షన్‌గా ఉందన్నావు. సి క్యాంపులో ఒకటి, నంద్యాల రోడ్డులో రెండు చూశారట. ఫీజులు చెప్పావు, ఏసీ ఉందన్నావు, కెమెరాలున్నాయన్నావు. బాత్‌రూమ్ ఎలా ఉందో మాత్రం చెప్పలేదు. అది చెప్పి ఉంటే నాకు ఇంత ఉత్తరం రాసే పని తప్పేది.

మీ అన్న సంగతి చెప్తా విను. 1991లో వాణ్ని మూడున్నరేళ్లకు ఓల్డ్ టౌన్‌లో మా ఇంటి దగ్గరి స్కూల్లో వేశాం. పేరున్న స్కూలే. నెల తిరక్కుండానే రైమ్స్ అప్పజెప్పేవాడు, మీ పెదనాయనకు ఒకటే మురిపెం. నాకేమో వాడి నీళ్ల బాటిల్ మీద అనుమానం. పొద్దున ఎంత పోసి పంపితే సాయంత్రం అంతా అలాగే తిరిగొచ్చేది. ఇంటికి రాగానే బూట్లయినా విప్పకుండా పెరట్లోకి పరిగెత్తేవాడు. ఒకరోజు ఒళ్లో కూర్చోబెట్టుకుని మెల్లగా అడిగితే చెప్పాడు. నిక్కరు హుక్కు తీయడం వాడికి రాదు. తీయమంటే ఆయమ్మ కసురుకుంటుంది. అందుకని నీళ్లు తాగడమే మానేశాడు! చివరికి మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చి పది రోజులు జ్వరంతో పడుకున్నాడు. ఆ ఎర్ర బాటిల్‌ను ఎందుకో పారేయలేక అటక మీద పెట్టుకున్నా. 2009 వరదలో ఇల్లు మునిగినప్పుడు అదీ పోయింది.

అందుకే చెప్తున్నా, స్కూలు వాళ్లు రమ్మన్న టైముకు పోవద్దు. పదకొండు గంటలప్పుడు, చెప్పకుండా పో. పిల్లలు అలిసిపోయి, ఆకలేసి గోల మొదలుపెట్టే వేళ అది. లోపలికి రానీయకపోతే గేటు దగ్గరే కాసేపు నిలబడు. ఏడుపు వినబడుతుంది, ఏడవని పిల్లలెక్కడున్నారు? ఆ ఏడుపు ఎంతసేపటికి ఆగింది, ఎత్తుకుంటే ఆగిందా, అరిస్తే ఆగిందా, అది చూసుకో. తర్వాత బాత్‌రూమ్ చూపించమను. కుళాయి వాడి చేతికి అందుతుందా? నేల జారుతుందా? లోపల గడియ పడితే బయటి నుంచి తీసే వీలుందా? టీచరు కంటే ఆయమ్మతోనే ఎక్కువసేపు మాట్లాడు. ఎన్నేళ్ల నుంచి చేస్తోందో అడుగు. ఏడాదికో ఆయమ్మ మారే చోటు నాకైతే నచ్చదు.

అల్లుడు రాత ఎప్పుడు నేర్పుతారని అడుగుతున్నాడట. మూడేళ్ల పిల్లల మణికట్టు ఎముకలు ఇంకా పూర్తిగా ఏర్పడవు. పేజీలకు పేజీలు ఏబీసీడీలు దిద్దిస్తే చెయ్యి నొప్పి తప్ప ఏం రాదు. 2020 జాతీయ విద్యా విధానంలో ఒకటో తరగతికి ఆరేళ్లు అన్నారు, అంటే ఇంకా మూడేళ్లుంది. ఇసుక, బంకమన్ను, కథలు ఉంటే చాలని చెప్పు. ఇంకోటి, వాడికి దాహమేస్తే తెలుగులోనే అడుగుతాడు. ‘ఇంగ్లీషులో అడుగు, అప్పుడిస్తా’ అనే టీచరున్న చోట మాత్రం వేయొద్దు.

రేకుల షెడ్డు కింద క్లాసులుంటే మార్చి ఎండకే ఉడికిపోతారు, మన కర్నూలు సంగతి తెలిసిందే కదా. ఆటోలో పదిమంది మధ్య కుక్కి పంపే దూరం కూడా వద్దు.

మీ వీధి చివర అంగన్‌వాడీ ఉందన్నావు, దాన్నీ ఒకసారి చూసిరా. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు ఆటపాటలు, మధ్యాహ్నం అన్నం, గుడ్డు, అన్నీ ఉచితమే. నామోషీ అనుకోవద్దు. అలాగని కళ్లు మూసుకుని వేయమనీ అనడం లేదు, అక్కడికీ పదకొండు గంటలకే పో.

ఈలోపు వాడికి ఎలాస్టిక్ నిక్కర్లు నాలుగు కుట్టించు, తనంతట తాను దించుకోవడం నేర్పు. యూనిఫాం అంటే హుక్కు నిక్కరే వేయాలని స్కూలు వాళ్లు పట్టుబడితే నాకు ఫోన్ చెయ్. నేనొచ్చి మాట్లాడతా.

మీ పెద్దమ్మ