కువైట్ నుంచి వచ్చిన మా పాపకు

పాపా,

మొన్న ఫోన్‌లో నువ్వు ఏడుస్తుంటే ఏం చెప్పాలో తోచక "అదే సర్దుకుంటుందిలే" అని పెట్టేశాను. పెట్టేశాక నా మీద నాకే కోపం వచ్చింది. నేను వచ్చినప్పుడు అందరూ నాకు చెప్పిన మాట అదే, వింటే ఒళ్ళు మండేది. "ఎనిమిదేళ్ళు ఇంటికి రావాలని ఏడ్చినా, ఇప్పుడు ఇంట్లో కూర్చోని ఏడుస్తున్నా పెద్దమ్మా" అన్నావు చూడు, అది రెండ్రోజులుగా నా చెవిలోనే ఉంది. పక్కన మీ అత్త వచ్చినట్టుంది, నువ్వు గొంతు తగ్గించేశావు. అందుకే ఇట్లా రాస్తున్నా. చదివి దాచిపెట్టుకో. ఆమె కంట పడనియ్యకు, ఆమె గురించి కూడా నాలుగు మాటలున్నాయి.

నేను కువైట్‌కు ఇంటిపనికి పోయి తిరిగొచ్చింది రెండుసార్లు. మొదటిసారి 1990. నేను పోయి రెండేళ్ళు కూడా నిండలేదు, ఆగస్టు 2న ఇరాక్ సైన్యం వచ్చి పడింది. మేము బస్సుల్లో బాగ్దాద్ మీదుగా జోర్డాన్ చేరి, డేరాల్లో పడుండి, అమ్మాన్‌లో ఎయిరిండియా విమానం ఎక్కాం. రెండు నెలల్లో లక్షా డెబ్బై వేల మందిని అట్లా తెచ్చారు, అందులో నేనొకదాన్ని. బొంబాయిలో దిగి మద్రాసు రైలెక్కితే అది నన్ను నేరుగా కడపలోనే దింపింది. చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు, అందులో ఒక జత బట్టలు, పాస్‌పోర్టు. మా అత్త వాకిట్లోనే పట్టుకుని ఏడ్చింది. మజ్జిగ తాపింది, సంగటి పెట్టింది. మూడోరోజు చెనక్కాయలు పెరకను చేనికి తీసుకుపోయింది. పది రోజులయ్యేసరికి నేను కువైట్ పోయొచ్చిన సంగతి ఎవరికీ పట్టలేదు. నాకూ పట్టలేదు.

మళ్ళీ పోయింది 1996లో, మా పిల్లకు రెండేళ్ళప్పుడు. వచ్చేసింది 2003లో, ఇరాక్‌లో రెండో యుద్ధం అయినాక. ఈసారి మద్రాసులో దిగి, సుమో మీద నాలుగు పెట్టెలు కట్టించుకుని దర్జాగా వచ్చాను. రగ్గులు, సెంటు సీసాలు, టాంగ్ డబ్బాలు, పిల్లకు కళ్ళు మూసి తెరిచే బొమ్మ. వీధి వీధంతా మా వాకిట్లోనే ఉంది. అందరూ పెట్టెల వైపే చూస్తున్నారు. ఆ రాత్రి మా అత్త నాకు అన్నం పూల ప్లేటులో పెట్టింది. ఆ ప్లేట్లు అంతకుముందు సెలవులో వచ్చినప్పుడు నేను తెచ్చినవే, చుట్టాలొస్తే తప్ప బయటికి తియ్యరు. ఇంట్లో మిగతా అందరికీ పేర్లు కొట్టించిన స్టీలు ప్లేట్లు. నా పేరు కొట్టించింది ఎక్కడ అని చూస్తే, మా ఆడబిడ్డ కొడుకు అందులో తింటున్నాడు.

నాలుగు నెలలు ఆ పూల ప్లేటులోనే తిన్నాను పాపా. నేను పడిన బాధంతా ఆ ప్లేటే. ఉత్త చేతుల్తో వచ్చినప్పుడు నన్ను పనిలో కలుపుకున్నారు, పెట్టెల్తో వస్తే పీట వేసి కూర్చోబెట్టారు. నిన్నూ ఇప్పుడు అట్లాగే కూర్చోబెట్టారు. "ఇన్నేళ్ళు కష్టపడినావు, రెస్టు తీసుకో" అంటున్నారని చెప్పావు కదా. ప్రేమతోనే అంటున్నారు, కాదనను. కానీ తీసుకోవద్దు. ఇంట్లో ఏదో ఒక పని నీ పేరు మీద రాయించుకో. చిన్నదైనా సరే, రోజూ ఉండేదిగా ఉండాలి. పొద్దున నీళ్ళు పట్టడమో, పాలు పోయించుకోవడమో. వంట మాత్రం అడగొద్దు, వంటిల్లు మీ అత్తది. ఎనిమిదేళ్ళు ఆ పొయ్యి దగ్గర నిలబడి నీ కొడుక్కి వండిపెట్టింది ఆమె. నువ్వు గరిటె అందుకుంటే "ఇంక నీ పని అయిపోయింది" అన్నట్టే ఉంటుంది ఆమెకు.

ఒంటి సంగతి కొంచెం చెప్తా, దీనికి నువ్వు అనవసరంగా బెంగ పడుతున్నావు. రాత్రి మూడు దాకా నిద్ర పట్టట్లేదు, పొద్దున లేవలేకపోతున్నా, కువైట్ నుంచి బద్ధకం తెచ్చుకుందని తోడికోడలు అంటోంది అన్నావు. కువైట్ టైము మనకన్నా రెండున్నర గంటలు వెనక. వాళ్ళు తినేదే అర్ధరాత్రి. ఒంటిగంటకు గిన్నెలు కడిగి పడుకునే అలవాటున్న ఒంటికి ఇక్కడ గడియారం మూడున్నర చూపిస్తుంది. ఎంత రాత్రి పడుకున్నా ఆరింటికి లేచి వాకిట్లో ఎండ పొడలో నిలబడు, మధ్యాహ్నం కునుకు మానెయ్, రెండు మూడు వారాల్లో దారికొస్తుంది. ఎండ ఇంకో రకం చిక్కు. అక్కడ బయట యాభై డిగ్రీలున్నా ఇంట్లో దుప్పటి కప్పుకుని పడుకున్నాం, మన ఎండాకాలం నలభై మూడులో ఫ్యాను కింద కూర్చోవడం మర్చిపోయాం. కడుపు సంగతికొస్తే, మన కారం ఒకేసారి పట్టించొద్దు. నేను వచ్చిన రెండో రోజే ఆశకొద్దీ ఊరిబిండి పచ్చడి గిన్నెడు తిని మూడ్రోజులు మంచం దిగలేదు. నీళ్ళు కూడా కాచుకుని తాగు. అక్కడ సముద్రం నీళ్ళు శుద్ధి చేసి ఇచ్చేవాళ్ళు, మన బోరు నీళ్ళు ఆ కడుపుకు కొత్త.

ఇంక నోరు. నా నోటితోనే నేను ఎక్కువ చెడ్డాను, అందుకే దీన్ని వివరంగా రాస్తున్నా. వచ్చిన కొత్తలో మా అత్త ఒకే బకెట్ నీళ్ళలో గిన్నెలన్నీ ముంచి తీస్తుంటే చూసి, "మా మామా ఇంట్లో ఇట్లా కడిగితే ఊరుకోదు" అన్నాను. అక్కడ యజమానురాల్ని మామా అనడం అలవాటు కదా, నీకూ అలవాటే. మా అత్త బకెట్ పక్కన పెట్టి, "మీ మామ పోయి పన్నెండేళ్ళాయె. గిన్నెలు ఎట్లా కడగాలో నీకు ఎప్పుడు చెప్పినాడే?" అంది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆమె మాత్రం నవ్వలేదు. రాత్రి పడుకునేముందు చిన్నగా అడిగింది: "నీకు ఇప్పుడు అత్త ఆమెనా, నేనా?"

కాబట్టి "కువైట్‌లో అయితే" అని మొదలయ్యే మాట ఆరు నెలలు మింగెయ్. బాత్రూము, చెత్త, ఈగలు, కరెంటు, లైన్లో నిలబడకపోవడం, హారన్లు, అన్నీ నీ కళ్ళకు పొడుస్తాయి. నిజంగానే బాగుండవు, నువ్వేం అబద్ధం చెప్పట్లేదు. మార్చాలనుకున్నది ఏదైనా ఉంటే నోరు తెరవకుండా చేసెయ్. రెండు బకెట్లు కొనుక్కొచ్చి పెట్టాను నేను. ఒక్క మాట అనలేదు. నెలకు ఆమే రెండో బకెట్‌లో తొలవడం మొదలుపెట్టింది. "యల్లా", "ఖలాస్" లాంటి అరబ్బీ మాటలు నోట్లోంచి జారితే జారనీ, పిల్లలు నవ్వుతారు, నువ్వూ నవ్వు.

పిల్లాడి గురించి. ముప్పై దాటితేనే ఆడవాళ్ళని ఇంటిపనికి పంపిస్తారు కాబట్టి నువ్వు పోయేనాటికి వాడికి నాలుగేళ్ళు, ఇప్పుడు పన్నెండు. జేజిని, అంటే మీ అత్తని, "అమ్మా" అంటున్నాడు, నిన్ను ఏమీ అనకుండా "ఇంగో" అని పిలుస్తున్నాడు. దాన్ని సరిచెయ్యొద్దు. నలుగురి ముందు "నేనురా అమ్మని" అనొద్దు. జేజి పక్కలోంచి వాణ్ని లేపి నీ పక్కన పడుకోబెట్టుకోవద్దు. పెద్ద ఫోను కొనిపెట్టి దగ్గర చేసుకుందామని కూడా చూడొద్దు, ఆ బొమ్మ కళ్ళు ఎన్నిసార్లు మూసి తెరిచినా మా పిల్ల నా దగ్గరికి రాలేదు.

మా పిల్ల ఎట్లా వచ్చిందో చెప్తా. రోజూ దానికి రెండు జడలేసేది వాళ్ళ జేజే. నేను ఒకసారి ఆశపడి దువ్వెన పట్టుకుంటే గట్టిగా లాగానని ఏడ్చి పారిపోయింది. ఆ తర్వాత అడగలేదు. స్కూలు తెరిచిన కొన్ని వారాలకు మా అత్తకు జ్వరం వచ్చి లేవలేకపోయింది. పొద్దున ఎనిమిదవుతోంది. మా పిల్ల దువ్వెన, ఎర్ర రిబ్బన్లు పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడింది, లోపలికి రాదు, బయటికి పోదు. నేను ఏమీ అనకుండా పీట జరిపాను. వచ్చి కూర్చుంది. పాపిట వంకర వచ్చింది, ఒక జడ పైకి, ఒకటి కిందికి. అద్దంలో చూసుకుని "పర్లేదు" అని పోయింది. ఆ "పర్లేదు" కోసం నేను రెండు నెలలు కూర్చున్నాను. నీకూ అట్లాంటి పొద్దు ఒకటి వస్తుంది. వాడికి ఏది బాగా వచ్చో అది నేర్పించమని అడుగు. ఫోన్‌పేలో డబ్బులు పంపడం నీకు రాదుగా, వాణ్నే అడుగు. తప్పు నొక్కు, వాడు విసుక్కుంటాడు. విసుక్కోనీ.

ఇప్పుడు నువ్వు ఫోన్‌లో చెప్పకుండా మింగేసిన మాట. అక్కడ నువ్వు పెంచిన పిల్ల గుర్తొస్తోంది, అవునా? పుట్టిన నలభై రోజుల నుంచి నీ చేతుల్లో పెరిగింది. నాకు ఒక పిల్లాడు ఉండేవాడు. ఏడేళ్ళు నా చేతి ముద్ద తప్ప తినలేదు. ఒకసారి ఆ మాట మురిపెంగా మా పిల్ల ముందే అనేశాను. అది ఏమీ అనలేదు. తింటున్న ప్లేటు తీసుకుని లేచి పెరట్లోకి పోయింది. నెల రోజులు నా చేతి ముద్ద ముట్టలేదు. నీ కొడుకు ముందు ఆ పిల్ల పేరెత్తకు. కానీ నీలోనే పెట్టుకుని కుళ్ళిపోకు, అది తప్పూ కాదు, పాపమూ కాదు. నాకు ఫోన్ చెయ్. ఆ పిల్ల ఏం తినేదో, ఎట్లా పడుకునేదో నాకు చెప్పు, నేను వింటాను. నాకు అట్లా వినేవాళ్ళు లేకపోయారు.

దీనికంతా ఒక పేరుందట. మా పిల్ల సైకాలజీ చదివింది కదా, అది చెప్పింది, రివర్స్ కల్చర్ షాక్ అంటారని. 1963లో గల్లాహార్న్ అని అమెరికా మొగుడూ పెళ్ళాలు, పైదేశాలకు చదువుకోను, చదువు చెప్పను పోయొచ్చిన వాళ్ళని పరిశీలించి రాశారట. కరెంటు బిల్లు వెనకాల ఇంగ్లీషు డబ్ల్యూ అక్షరం గీసి చూపించింది. పరాయి దేశం పోగానే సంతోషం, తర్వాత కింద పడడం, మళ్ళీ లేవడం. ఇంటికొచ్చాక అదే ఇంకోసారి. గీత బాగానే ఉంది. ఎవరి గీతైనా అంత నున్నగా ఉంటుందని మాత్రం నేను నమ్మను, అందులో మనలాగా ఇంటిపని చేసే ఖద్దామాలు ఎవరూ లేరు కదా. అయినా ఆ రోజు నాకు ఎంత ధైర్యం వచ్చిందో! ఇరవై ఏళ్ళు నా బుద్ధే మంచిది కాదనుకున్నాను.

డబ్బు విషయం తొందరగా చెప్పేస్తా. ఎవరు చేబదులు అడిగినా "డిపాజిట్ వేసేసినా, కదపడానికి లేదు" అను, నిజంగా వెయ్యి కూడా. నీ ఎన్నారై ఖాతా అట్లాగే ఉంచకూడదు, తిరిగొచ్చేశానని బ్యాంకుకు చెప్పి మామూలు ఖాతాగా మార్పించుకోవాలి. చీటీలు వద్దు. నేను ఎరిగినామే కదా అని కట్టిన అరవై వేలు ఒక రాత్రికి ఊరు దాటిపోయాయి. మిద్దె మీద మిద్దె కడదామని మీ ఆయన అంటున్నాడట. ఏడాది ఆగమను. రాయచోటి దగ్గర ఎన్ని మిద్దెలు తాళాలేసి ఉన్నాయో నువ్వే చూస్తున్నావు.

"ఆడది కువైట్ పోయొచ్చిందంటే..." అని సగం మాట అని ఆపేవాళ్ళు ఉంటారు. మిగతా సగం నువ్వు అడగొద్దు. వాళ్ళ పిల్లల పెళ్ళిళ్ళకు నీ డబ్బులే తీసుకున్నారని మాత్రం గుర్తు పెట్టుకో.

ఏజెంట్ అప్పుడే ఫోన్ చేశాడన్నావు, మంచి ఇల్లుంది మళ్ళీ పోతావా అని. పోవద్దని నేననను, పోయిన నోటితో ఎట్లా అంటాను. ఆరు నెలలు మాత్రం జవాబు చెప్పకు. ఇక్కడ ఉండలేక పోవడం వేరు, అక్కడ పని ఉండి పోవడం వేరు, ఈ రెండూ మొదటి ఆరు నెలల్లో ఒకేలా కనిపిస్తాయి. నిజంగా పోవాలనుకుంటే రిజిస్టరైన ఏజెంట్ దగ్గరికే పో, పది లక్షల బీమా చేయించుకో. వారానికో రోజు సెలవు ఇవ్వాలని 2015లో అక్కడ చట్టం వచ్చింది, ఒప్పందంలో ఆ మాట ఉందో లేదో చదివించుకుని సంతకం పెట్టు. మా కాలంలో సెలవన్న మాటే వినలేదు.

వచ్చే ఆదివారం పిల్లాణ్ని తీసుకుని కడపకు రా. పొద్దునే బస్సెక్కితే పది లోపల దిగుతారు. దేవుని కడపకు పోయి, వస్తూ వస్తూ పెద్ద దర్గాలో చదివింపులు ఇచ్చొద్దాం, నువ్వు మొక్కుకున్నావని మీ అమ్మ చెప్పింది. వాడికి కారం దోసె పెట్టిస్తా. రగ్గులూ సెంట్లూ నాకేం తేవద్దు. మధ్యాహ్నానికి సంగటి నేను కెలుకుతా. రోలు కడిగి పెడతాను, ఊరిబిండి నూరేది నువ్వే.

మీ పెద్దమ్మ