సున్నపు తేట తెల్లబడి మళ్లీ తేటపడితే ప్రయోగం పోయినట్టేనా?

చలువరాతి ముక్కల మీద హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోసి, వచ్చిన గ్యాస్‌ని సున్నపు తేటలోకి వదిలితే ముందు పాలలా తెల్లబడింది, కాసేపటికి మళ్లీ మామూలు నీళ్లలా అయిపోయింది, ఎక్కడ తప్పు చేశాను అనే కదా మీ ప్రశ్న. బహుశా తప్పేం లేదు, గ్యాస్ ఎక్కువసేపు పోనిచ్చారు, అంతే. స్కూల్లో నాకూ ఇలాగే అయితే భయపడి రికార్డులో 'తెల్లబడింది' వరకే రాసి ఊరుకున్నాను. అసలు సంగతంతా ఆ తర్వాతే ఉందని అప్పుడు తెలీదు.

ముందు వచ్చే తెలుపు కాల్షియం కార్బొనేట్, అంటే మీరు ఆమ్లంలో వేసిన చలువరాయే, కాకపోతే మెత్తటి పొడిగా. అది నీళ్లలో దాదాపు కరగదు. కార్బన్ డయాక్సైడ్ ఇంకా వస్తూనే ఉంటే నీటితో, ఆ పొడితో కలిసి కాల్షియం బైకార్బొనేట్ అవుతుంది, అది కరుగుతుంది, అందుకే తేటపడింది.

బహుశా అని ఎందుకన్నానంటే, ఆమ్లం మరీ గాఢంగా ఉండి బుసబుసా పొంగితే దాని తుంపర్లు, ఆవిరి కూడా గొట్టంలోంచి వెళ్లి ఆ తెలుపుని కాల్షియం క్లోరైడ్‌గా మార్చి కరిగించేస్తాయి. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి. తేడా తెలియాలంటే ఆ తేట నీటిని మరిగించండి. బైకార్బొనేట్ అయితే గ్యాస్ వదిలేసి మళ్లీ తెల్లబడుతుంది (నీళ్లు కాచే గిన్నెల్లో అడుగున పేరుకునే తెల్లటి పెచ్చు కూడా ఎక్కువగా ఇదే), కాల్షియం క్లోరైడ్ అయితే ఎంత మరిగించినా ఏమీ రాదు. కాలేజీలో నాది రెండోదని ఇలాగే బయటపడింది. తర్వాత గ్యాస్‌ని ముందు మామూలు నీళ్లున్న సీసాలోంచి పంపి, ఆపైన సున్నపు తేటలోకి వదిలితే సరిపోయింది.

ఇంకొకటి, చిక్కటి తేట అయితే ఎంతసేపు గ్యాస్ పంపినా పూర్తిగా తేటపడదు. లీటరు నీటిలో తడిసున్నం సుమారు 1.7 గ్రాములే కరుగుతుంది గానీ, దాన్నుంచి వచ్చే కార్బొనేట్ మొత్తాన్ని బైకార్బొనేట్‌గా పట్టుకోవడం ఆ నీటి వల్ల కాదు. ఒక వంతు తేటకి మూడు వంతులు డిస్టిల్డ్ వాటర్ కలిపి చూడండి. సీసా మూత మాత్రం బిగించి పెట్టండి, గాలి తగిలితే పైన తెల్లటి తెట్టు కడుతుంది. నా సీసా అలాగే పాడైంది.